మణికట్టుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్న తరువాత తెల్లని చార వచ్చింది: ఇది బొల్లి అవుతుందా?

హనుమకొండ కోడలు (ప్రశ్న):

నమస్కారం. నా వయసు 31 సంవత్సరాలు, మాది హనుమకొండ. విషయం కొంచెం పొడవుగా ఉంది, ఓపికగా చదవమని మనవి.

మా పాపకు ఇప్పుడు 11 నెలలు. పాపకు మూడో నెల నడుస్తుండగా నా కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. పాపను చంకల కింద చేతులు వేసి ఎత్తినప్పుడల్లా, చివరికి పాలగిన్నె వంచినప్పుడు కూడా ప్రాణం పోయినంత పనయ్యేది. ఇది బాలింతలకు తరచుగా వచ్చేదేనని, దీనిని డీ క్వెర్వేన్ అంటారని ఎముకల డాక్టరు చెప్పి, నెల రోజులు పట్టీ కట్టించి, తగ్గకపోవడంతో పాప అయిదో నెలలో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. చీటీలో ట్రయామ్సినోలోన్ 40 అని రాసి ఉంది. పది రోజుల్లో నొప్పి పూర్తిగా పోయింది. అబద్ధం చెప్పకూడదు, ఆ ఉపకారాన్ని నేను మరచిపోలేను.

అయితే రెండు నెలలు గడిచాక సూది వేసిన చోట రూపాయి బిళ్ళంత మేర చర్మం రంగు తగ్గింది. నాది చామనఛాయ కంటే కొంచెం నలుపే కాబట్టి మచ్చ దూరం నుంచే కనిపిస్తుంది. తరువాత అక్కడి చర్మం లోపలికి గుంటపడి, కింది నరం నీలంగా పైకి తేలింది. ఇప్పుడు ఆ మచ్చ నుంచి మోచేతి వైపు నాలుగు వేళ్ల పొడవున ఒక తెల్లని చార పాకింది. అసలు భయం ఆ చారతోనే మొదలైంది. మచ్చ ఒకచోట ఉంటే ఉండనీ అనుకున్నాను గానీ, అది పాకుతుంటే ఎలా ఊరుకోగలను?

మా అత్తయ్య ఇది బొల్లేనని తేల్చేశారు. మా మేనమామకు బొల్లి ఉన్న మాట నిజం. ఇంట్లో ఆడబిడ్డ పెళ్లి సంబంధాలు నడుస్తున్నాయి. ఎవరైనా వస్తే పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమని సున్నితంగానే చెబుతున్నారు, కానీ ఆ సున్నితం కూడా గుచ్చుకుంటుంది. ఇంజెక్షన్ వేసిన ఆసుపత్రికి తిరిగి వెళ్తే, చేతిని ఒక్క క్షణం చూసి, "అదే పోతుందమ్మా" అని పంపించారు. ఇలా జరగవచ్చని సూదికి ముందు ఒక్క మాట కూడా చెప్పలేదు.

నా ప్రశ్నలు ఇవి. ఇది బొల్లి కాదని ఎలా తెలుసుకోవాలి? చార ఇంకా పైకి పాకుతుందా? రంగు తిరిగి వస్తుందా, వస్తే ఎన్నాళ్లకు? మా మేనమామకు బొల్లి తగ్గడానికి డాక్టరు స్టెరాయిడ్ మాత్రలే ఇచ్చారు. తెల్లదనాన్ని తగ్గించే మందే నాకు తెల్లదనాన్ని ఎలా తెచ్చింది? పైగా ఎడమ మణికట్టులోనూ ఇప్పుడు అదే నొప్పి మొదలైంది. మళ్లీ సూది వేయించుకోవచ్చా?

తెనాలి మాస్టారు:

అమ్మా, నేను వైద్యుడిని కాను, పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడిని. కానీ మీరు రాసిన ప్రతి వాక్యమూ నా కుడి మోచేతి కథే కాబట్టి రాస్తున్నాను. టెన్నిస్ ఎల్బో అనే పేరు గల నొప్పి, జీవితంలో టెన్నిస్ బ్యాటు పట్టని నాకు, ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసినందుకో, పెరట్లో బావి చేదినందుకో వచ్చింది. మోచేతి బయటి వైపు ఎముక మీద స్టెరాయిడ్ సూది వేశారు. నొప్పి పోయింది. మూడో నెలలో తెల్లమచ్చ, ఆ వెనుకే గుంట, ఆ తరువాత భుజం వైపు ఎగబాకిన సన్నని చార వచ్చాయి.

నేను చేసిన మంచి పని ఒకటే. ప్రతి నెలా మొదటి తేదీన, ఒకే కిటికీ దగ్గర, మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి మా మనవడి చేత ఫోటో తీయించాను. రోజూ అద్దంలో చూసుకునేవాడికి మచ్చ ప్రతిరోజూ పెరిగినట్టే కనిపిస్తుంది. ఫోటోలను వరుసగా పెట్టి చూసేసరికి, అయిదో నెల తరువాత అది ఒక్క గోరంత కూడా పెరగలేదని తేలింది. ఏడాది దాటాక చార అక్కడక్కడ తెగిపోయి, చుక్కలు చుక్కలుగా రంగు పట్టడం మొదలైంది. రెండేళ్లకు చార పూర్తిగా పోయింది. సూది గుచ్చిన చోట మాత్రం పప్పుగింజంత లేతరంగు ఇప్పటికీ మిగిలి ఉంది. దాన్ని చూపిస్తే తప్ప ఎవరూ గమనించరు.

మీ అత్తగారి భయాన్ని తప్పు పట్టకండి. మన ఊళ్లలో తెల్లమచ్చ అనే మాటకు ఉన్న బరువు అలాంటిది. నన్ను కూడా మా వీధిలో ఒకాయన, కాఫీ గ్లాసు అందుకునే ముందు, చేతిని రెండుసార్లు చూశాడు.

చర్మ వైద్యుడు, కర్నూలు:

అమ్మా, చేతిని చూడకుండా రోగనిర్ధారణ చేయడం తగదు కాబట్టి, ఒక్కసారైనా చర్మవ్యాధుల నిపుణుడికి చూపించుకోండి. కానీ మీరు రాసిన వివరాలన్నీ కలిపి చూస్తే ఇది సూదిమందు వల్ల వచ్చిన రంగు తగ్గుదలే అనడానికి బలమైన ఆధారాలు కనిపిస్తున్నాయి. సరిగ్గా సూది వేసిన చోటే మొదలవడం, వెంటనే కాకుండా కొన్ని వారాల తరువాత కనిపించడం, చర్మం గుంటపడడం, చార మోచేతి వైపే సాగడం అనే నాలుగూ ఒకేచోట కలవడం బొల్లిలో జరిగేది కాదు.

ట్రయామ్సినోలోన్ నీటిలో కరిగే ద్రవం కాదు, సన్నని స్ఫటికాలు తేలుతున్న తెల్లని మడ్డి వంటిది. వేసిన చోటే నిలిచి నెమ్మదిగా కరుగుతూ వారాల తరబడి పనిచేయాలనే అలా తయారుచేస్తారు. నొప్పికి అది వరం. అయితే ఆ స్ఫటికాలలో కొన్ని టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు వంటిది) తొడుగు లోపల కాక, పైనున్న చర్మం కింది కొవ్వులో నిలిచిపోతే, అక్కడ కూడా అదే నిలకడతో పనిచేస్తాయి. కొవ్వు కరిగి గుంట పడుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు మెలనిన్ తయారుచేయడం తగ్గిస్తాయి. అప్పటికే తయారై పైపొరలోకి చేరిన రంగు, ఆ పొర రాలిపోయే దాకా, అంటే సుమారు నెల నుంచి నెలన్నర వరకు, అలాగే ఉంటుంది. సూదికీ మచ్చకీ మధ్య మీకు కనిపించిన విరామాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు.

ఇక మిమ్మల్ని భయపెట్టిన చార సంగతి. చర్మం కింద లింఫ్ నాళాలు అనే సన్నని కాలువలు చేతివేళ్ల నుంచి చంక వైపు, అంటే కింది నుంచి పైకి ప్రవహిస్తాయి. మందు కొంత ఆ కాలువల వెంట, పక్కనున్న సిరల వెంట పైకి సాగుతుంది, సాగిన దారి పొడవునా రంగు తగ్గుతుంది. మీ చేతి మీద ఉన్నది వ్యాధి పాకిన గుర్తు కాదు, మందు నడిచిన జాడ. మందు అయిపోయాక ఆ జాడ సాగడానికి ఏమీ మిగలదు. ఇంజెక్షన్ వేసి ఆరు నెలలైంది కాబట్టి అది ఇప్పటికే ఆగిపోయి ఉండవచ్చు. మాస్టారు గారు చెప్పిన ఫోటోల పద్ధతి చాలా మంచిది. నా రోగులకు కూడా ఇకపై అదే చెబుతాను.

బొల్లిలో శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే మెలనోసైట్లను నాశనం చేస్తుంది. ఇక్కడ ఆ కణాలు చావలేదు, పని మానుకున్నాయి అంతే. మీ మేనమామగారి మందు గురించి మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉంది. బొల్లిలో స్టెరాయిడ్ ఇచ్చేది రంగు పుట్టించడానికి కాదు, మెలనోసైట్ల మీద దాడి చేస్తున్న రోగనిరోధక కణాలను అణచడానికి. దాడి ఆగితే మిగిలిన కణాలు మళ్లీ రంగును పెంచుకుంటాయి. దాడే లేని చోట అదే మందు చిక్కగా పేరుకుపోతే, రంగు కణం పనినే అణచివేస్తుంది. ఈ ప్రశ్నను మా విద్యార్థులు కూడా అడగరు, మీరు అడిగినందుకు సంతోషం.

చూసి తేడా తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. బొల్లి మచ్చ సుద్దలా పూర్తి తెలుపుగా, అంచులు గీసినట్టుగా ఉంటుంది, దాని మీది వెంట్రుకలు కూడా నెరసిపోవచ్చు, కానీ చర్మం గుంటపడదు. పెదవులు, కనురెప్పల చుట్టూ, వేళ్ల కొనలు, మోకాళ్లు వంటి చోట్ల కూడా కనిపించే అవకాశం ఉంది. మీ మచ్చ లేతబారిన రంగులో, అంచులు కలిసిపోయినట్టు ఉంటే అది మంచి సూచన. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద చూస్తే బొల్లి నీలితెలుపుగా మెరిసిపోతుంది, రంగు కేవలం తగ్గిన మచ్చ అంతగా మెరవదు. కొందరి మనసులో కుష్ఠు భయం కూడా ఉంటుంది కాబట్టి ఆ సంగతి కూడా చెబుతున్నాను. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. మీరు కళ్లు మూసుకుని దూది తగిలించి చూసుకోవచ్చు, కానీ వైద్యుడు చేసే పరీక్షకు అది ప్రత్యామ్నాయం కాదు.

ఒక జాగ్రత్త మాత్రం దాచకుండా చెప్పాలి. బొల్లి స్వభావం ఉన్నవారిలో దెబ్బ తగిలిన చోట, సూది గుచ్చిన చోట కూడా కొత్త మచ్చ పుట్టవచ్చు. మీ కుటుంబంలో బొల్లి ఉంది కాబట్టే ఒక్కసారి నేరుగా చూపించుకోమని మొదటే రాశాను. మేనమామకు ఉన్నంత మాత్రాన మీకు రావాలని లేదు.

రంగు చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు తిరిగి వస్తుంది. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, కొద్దిమందిలో కొంత మేర శాశ్వతంగా మిగిలిపోతుంది. కాబట్టి "అదే పోతుంది" అన్నవారు చెప్పింది చాలావరకు నిజమే, చెప్పిన తీరే అన్యాయం. ప్రస్తుతానికి ఎండలో తిరిగేటప్పుడు మచ్చకూ, చుట్టుపక్కల చర్మానికీ సన్‌స్క్రీన్ రాయండి. చుట్టూ నల్లబడితే మచ్చ మరింత తెల్లగా కనిపిస్తుంది. గుంట బాగా ఇబ్బంది పెడితే, శుద్ధమైన ఉప్పునీరైన నార్మల్ సెలైన్‌ను ఆ చోట కొద్దికొద్దిగా పలుమార్లు ఎక్కించే పద్ధతి ఉంది. నిలిచిపోయిన స్ఫటికాలను అది చెదరగొడుతుందని భావిస్తారు. టాక్రోలిమస్ లేపనం, 308 నానోమీటర్ల ఎక్సైమర్ కాంతి (ఒక రకం అతినీలలోహిత కాంతి) కూడా కొందరికి ఉపకరించాయి. పాలిచ్చే తల్లి కాబట్టి వీటిలో ఏదీ మీకై మీరు మొదలుపెట్టవద్దు.

పల్లెటూరి వైద్యం:

తెల్లమచ్చ ఏదైనా సరే, బావంచాల గింజలను గోమూత్రంలో నానబెట్టి, నూరి పూసి, ఉదయపు ఎండలో కూర్చుంటే నలభై రోజుల్లో రంగు పట్టడం మా తాతగారి కాలం నుంచి చూస్తున్నాం. ఇంగ్లీషు మందు చేసిన చెడును ఇంగ్లీషు మందుతోనే బాగుచేయాలనడం విడ్డూరంగా ఉంది. ఒకసారి ప్రయత్నించండి సోదరీ, ఖర్చు కూడా లేదు.

చర్మ వైద్యుడు, కర్నూలు:

బావంచాలను నేను తేలిగ్గా కొట్టిపారేయను. వాటిలో సోరాలెన్ అనే పదార్థం నిజంగానే ఉంది. అది పూసిన చర్మం ఎండకు విపరీతంగా స్పందిస్తుంది. ఆ గుణాన్నే ఆధునిక వైద్యం కూడా బొల్లిలో, కొలిచిన మోతాదులో, కొలిచిన కాంతితో వాడుతుంది. మీ తాతగారు చూసింది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఇంట్లో నూరిన ముద్దలో ఎంత సోరాలెన్ ఉందో, కర్నూలు ఎండలో ఎంత అతినీలలోహిత కిరణం ఉందో కొలిచేదెవరు? పూసుకుని ఎండలో కూర్చుని, చేయంతా బొబ్బలెక్కి మా దగ్గరకు వచ్చినవారిని నేను చూశాను. ఈ అమ్మాయి చేతిమీది చర్మం ఇప్పటికే పలచబడి ఉంది, కింద కొవ్వు లేదు. అక్కడ బొబ్బ లేస్తే మానిన తరువాత మిగిలే మచ్చ ఇప్పుడున్న దానికంటే వికారంగా ఉంటుంది. పైగా ఆ చేత్తోనే పసిపాపను ఎత్తుకోవాలి. దయచేసి వద్దు.

ఎముకల డాక్టరు, విశాఖ:

ఇలాంటి సూదులు వేసేవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి, నాణేనికి మా వైపు కూడా చెప్పడం ధర్మం.

కీళ్లలోకి స్టెరాయిడ్ మందైన హైడ్రోకార్టిసోన్‌ను నేరుగా ఎక్కించిన ఫలితాలు 1951 నాటికే వైద్య పత్రికల్లో వచ్చాయి. అప్పటి నుంచి ఈ సూది ఎన్నో ఆపరేషన్లను తప్పించింది. స్విస్ సర్జన్ డీ క్వెర్వేన్ 1895లో వర్ణించిన ఈ మణికట్టు జబ్బు విషయంలో, పట్టీతో తగ్గనివారిలో ఎక్కువమందికి ఒకటి రెండు సూదులతోనే ఉపశమనం దొరుకుతుంది. కాబట్టి మీ డాక్టరు చేసిన చికిత్స తప్పు కాదు. ముందుగా చెప్పకపోవడం మాత్రం తప్పే, అందులో రెండో మాట లేదు.

అయితే మణికట్టులో ఆ చోటు చాలా కష్టమైనది. మోకాలిలో సూది వేస్తే మందు లోతైన కీలు సంచిలో పడుతుంది. పైన చర్మానికి ఏమీ తెలియదు. బొటనవేలి మొదట్లో మాత్రం చర్మానికీ టెండాన్ తొడుగుకీ మధ్య కొద్ది మిల్లీమీటర్ల దూరమే ఉంటుంది, సన్నగా ఉన్నవారిలో అదీ ఉండదు. సూది మొన వెంట్రుకవాసి పైకి జరిగినా మందు కొవ్వులో పడుతుంది. దానికి తోడు కొందరిలో ఆ తొడుగు లోపల ఒక అడ్డుగోడ ఉండి రెండు టెండాన్లను వేరు చేస్తుంది. ఒక గదిలో వేసిన మందు రెండో గదికి చేరక, ఒత్తిడికి బయటకు చిమ్మవచ్చు. సూది వెనక్కి లాగేటప్పుడు గుచ్చిన దారి వెంట కారే బొట్టు కూడా చాలు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేయడం, మోతాదు తగ్గించడం, సూది తీసే ముందు కొద్దిగా మత్తుమందుతో దాన్ని కడిగినట్టు చేయడం వంటివి ప్రమాదాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించవు.

మందు ఎంపిక కూడా ముఖ్యమే. ట్రయామ్సినోలోన్ స్ఫటికాలు అతి నెమ్మదిగా కరుగుతాయి. పైపైన ఉండే చోట్ల, అందులోనూ నల్లని చర్మం గలవారిలో, నేను ఎక్కువగా కరిగే రకాన్ని, ఉదాహరణకు డెక్సామెథసోన్‌ను ఎంచుకుంటాను. దాని ప్రభావం అంత కాలం నిలవకపోవచ్చని ముందే చెబుతాను. అందరు డాక్టర్లూ దీనికి ఒప్పుకోరు. ఎక్కువ కాలం పనిచేసే మందే మేలని వాదించేవారు మా సహోద్యోగుల్లోనే ఉన్నారు.

మీ ఎడమ చేతి విషయానికి వస్తే, వెంటనే సూది అవసరం లేదు. బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్‌ను మూడు నుంచి ఆరు వారాలు వాడండి. పాపను ఎత్తే తీరు మార్చండి. బొటనవేళ్లు విడదీసి చంకల కింద పట్టి లేపడమే ఈ జబ్బుకు మూలం. అరచేతులు పైకి పెట్టి, ఒక చేయి పిరుదుల కిందుగా, ఒక చేయి వీపు కిందుగా చొప్పించి, చేటలో బియ్యం ఎత్తినట్టు ముంజేతులతో ఎత్తండి. అప్పటికీ తగ్గకపోతే సూదికి వెళ్లవచ్చు, కానీ కుడి చేతికి ఏమైందో చూపించి, ఏ మందు, ఎంత మోతాదు అని అడిగి మరీ వేయించుకోండి. తొడుగును కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్ కూడా ఉంది. అన్నట్టు, ఈ సూది తరువాత షుగర్ ఉన్నవారికి కొన్ని రోజుల పాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది. అది మీకు వర్తించకపోయినా, చదివే మరెవరికైనా పనికివస్తుందని రాస్తున్నాను.

నెల్లూరు అమ్మ:

మా అబ్బాయికి 19 ఏళ్లు. కనుబొమ్మ దగ్గర, తల వెనుక పేనుకొరుకుడు వచ్చి వెంట్రుకలు బిళ్ళలుగా రాలిపోతే, చర్మ డాక్టరు ఇదే ట్రయామ్సినోలోన్‌ను బాగా పలుచన చేసి చిన్న చిన్న సూదులుగా వేశారు. తలకు మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు, కనుబొమ్మకు అందులో సగం. పలుచన ఎందుకని అడిగితే, చిక్కగా వేస్తే వెంట్రుకలు వస్తాయి గానీ చర్మం గుంటపడి తెల్లబడవచ్చని ఆవిడ ముందే వివరించారు. అయినా తల వెనుక ఒకచోట చిన్న గుంట పడింది, నాలుగు నెలల్లో అదే పూడుకుంది. మాకు ముందే తెలుసు కాబట్టి ఎవరమూ కంగారు పడలేదు. హనుమకొండ అమ్మాయి పడిన బాధలో సగం, ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల వచ్చిందే అనిపిస్తోంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మా వాడి సూదుల సంగతి విని, మా బంధువుల అమ్మాయి ఒకతె, "అయితే పిన్నీ, ఇది ముఖానికి వేయించుకుంటే తెల్లబడతామా?" అని అడిగింది. నవ్వుతూ అడిగింది, కానీ పూర్తిగా నవ్వులాటకు మాత్రం కాదు. ఆ పిల్ల అప్పటికే మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా కొన్న బెటామెథసోన్ అనే స్టెరాయిడ్ ట్యూబును ఫెయిర్‌నెస్ క్రీములా రోజూ ముఖానికి పూసుకుంటోంది. ఆరు నెలలకు ముఖం ఎర్రగా కమిలి, మొటిమలు, బుగ్గల మీద వెంట్రుకలు వచ్చాయి. మానేస్తే మంట. 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చినా, మా వీధి చివర అడిగితే ఇప్పటికీ ఇస్తారు. చిత్రం చూడండి, ఇక్కడ ఒక అమ్మాయి చేతిమీది నాలుగు వేళ్ల తెలుపు పోవాలని ఏడుస్తోంది, అక్కడ ఒకతె అదే తెలుపును డబ్బిచ్చి కొనుక్కుంటోంది.

హనుమకొండ కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల తరువాత రాస్తున్నందుకు క్షమించండి, పాపకు జ్వరం వచ్చింది.

గత సోమవారం చర్మ డాక్టరు దగ్గరకు వెళ్లాను. కావాలనే మా అత్తయ్యను వెంట తీసుకుని వెళ్లాను. చీకటి గదిలో దీపం కింద నా చేతిని చూశారు. కర్నూలు డాక్టరు గారు రాసినట్టే, మచ్చ లేతగా కనిపించింది తప్ప మెరవలేదు. అత్తయ్య కళ్లద్దాలు సర్దుకుని, ఇంత దగ్గరగా వంగి చూసి, "మా అన్న చేతులు ఈ దీపం కింద ఎలా ఉండేవో" అన్నారు. ఆవిడ అన్నగారికి కూడా బొల్లి ఉండేదని, ఆ కారణంగా ఆవిడ పెళ్లి రెండుసార్లు తప్పిపోయిందని, ఈ ఆరేళ్లలో నాకు మొదటిసారి అప్పుడే తెలిసింది. ఆటోలో ఇంటికి వచ్చే దాకా ఆవిడ నా చేయి వదల్లేదు.

స్పర్శ పరీక్ష కూడా చేశారు, మామూలుగానే ఉంది. పాలు మాన్పించే దాకా మందులేవీ వద్దని, సన్‌స్క్రీన్ మాత్రం రాయమని, మూడు నెలలకు మళ్లీ రమ్మని చెప్పారు. ఎడమ చేతికి స్ప్లింట్ కొన్నాను. చేటలో బియ్యం ఎత్తినట్టు పాపను ఎత్తడం రెండు రోజుల్లో అలవాటైంది, పాపకే ఇంకా అలవాటు కాలేదు. బావంచాలు చెప్పిన అన్నయ్యా, మీ మంచి మనసుకు నమస్కారం, కానీ వాడటం లేదు.

ఈ నెల మొదటి తేదీన రూపాయి బిళ్ళ పెట్టి మొదటి ఫోటో తీసుకున్నాను. మాస్టారు గారూ, ఒక్క సందేహం. మీకు ముందు గుంట పూడిందా, రంగు వచ్చిందా? ముందుగా దేనికోసం చూడాలో తెలిస్తే ఎదురుచూడడం కొంచెం తేలికవుతుంది.

తెనాలి మాస్టారు:

ఫోటోలు ఇప్పుడే మళ్లీ తీసి చూశానమ్మా. తొమ్మిదో నెల ఫోటోలో గుంట నీడ తగ్గింది, పదకొండో నెలకు పూర్తిగా పూడింది. రంగు తొలి చుక్క పద్నాలుగో నెలలో, చార పై చివరన, మోచేతికి దూరంగా ఉన్న కొసలో కనిపించింది. నా విషయంలో ముందు గుంట, తరువాత చార పై కొస, చివరికి సూది గుచ్చిన చోటు. మీకు వరుస వేరుగా ఉండవచ్చు. ఉంటే వచ్చి రాయండి, నా ఫోటోల పక్కన పెట్టి చూస్తాను.